హాబోను మింగిన మిషను

మా నోర్డెన్ ఊరి చుట్టుపక్కల ఎవరి తోపులోనైనా పాత మొక్కజొన్న మిషను బయటపడిందంటే జనం ముందు ఫెన్నాకి ఫోను చేస్తారు, ఆ తరవాత పొయ్యి మీద టీ పెడతారు. ఊరికే చూసిపోయే రకం కాదావిడ. మోకాళ్ళ మీద కూలబడుతుంది, వెల్లకిలా పడుకుని మిషను కిందకి దూరుతుంది, ఎక్కడెక్కడో గోకుతుంది, మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే కసురుతుంది. అయోవాలో ప్రతి రైతు ఇంటికీ వాయవ్యం మూల చలిగాలి ఆపడానికి ఓ చెట్లతోపు ఉంటుంది. చచ్చిన మిషన్లన్నీ అందులోకే చేరతాయి. అమ్ముకోవడానికి మనసు రాదు, పాత ఇనుముకి వెయ్యడానికి అసలే రాదు. ఎప్పుడో ఒకనాడు పొదలు కొట్టిస్తుంటే తుప్పు పట్టిన ముక్కు ఒకటి బయటికి పొడుచుకొస్తుంది. అది ఎవరు చేసిందో, ఎప్పటిదో ఇంటివాడికే గుర్తుండదు. అప్పుడు ఫెన్నా కావలసి వస్తుంది.

ఆమె సంచీలో ఒక ఇనపతీగ బ్రష్షు, కిరసనాయిలు డబ్బా, చింకిగుడ్డలు, సుద్దముక్క. అంతే సరంజామా. "రంగు అబద్ధమాడుద్ది, పోత ఆడదు," అనేది ఆమె మాట. రంగుదేముంది, డబ్బా ఉంటే ఎవడైనా వేస్తాడు. పోతపోసిన ఇనుము మీద ఉబ్బెత్తుగా ఉండే అంకెలు మాత్రం పుట్టుమచ్చల్లాంటివి. తుప్పు గోకి సుద్దతో రుద్దితే పైకి తేలతాయి. వాటిని చూసి ఏ కంపెనీదో, యుద్ధానికి ముందుదో వెనకదో చెప్పేస్తుంది. అసలు రంగు తెలియాలంటే గ్రీజు గడ్డకట్టిన చోట గోకాలి. ఎండా వానా తగలక, గ్రీజు కింద రంగు నిన్న వేసినట్టే ఉంటుంది.

"వేరే ఆడాళ్ళు సెంటు రాసుకుంటారు. మా ఆవిడ కిరసనాయిలు రాసుకుంటది," అని ఆమె మొగుడు మెర్ల్ చర్చి మెట్ల మీద అందరికీ చెప్పుకుని వాపోయేవాడు. "పక్కన పడుకుంటే తుప్పు వాసనయ్యా బాబూ!"

"నిన్నెవడు పడుకోమన్నాడు? కొట్టంలో బోలెడు గడ్డుంది," అనేది ఫెన్నా.

పెళ్ళికి ముందు నుంచీ ఆమె ట్రాక్టర్ల షాపులో విడిభాగాల కౌంటరు దగ్గర పనిచేసింది. ఆ రోజుల్లో ఆడమనిషి ఆ కౌంటరు వెనక ఉండడం మాకు వింత. ఏదైనా మరను పట్టుకొచ్చి "ఇలాంటిది కావాలి" అంటే దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "ఇది నీ మిషనుది కాదు, ఎవడో అంటగట్టాడు నీకు," అనేది. మా మగాళ్ళకి మొదట్లో ఒళ్ళు మండింది, తరవాత అలవాటైంది.

ఇంత పిచ్చి ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. పాతవాళ్ళం అడగం. ఆమె వెతికేది అన్ని మిషన్లనీ కాదు, ఒక్కదాన్ని. తక్కినవన్నీ దారిలో తగిలినవి.

ఆమె అన్న పేరు హాబో. హాబో డర్క్స్. వాడు పోయేనాటికి వాడికి పంతొమ్మిదేళ్ళు, ఫెన్నా ఇంకా గౌన్లేసుకునే పిల్ల. మాలో కుర్రాళ్ళు ఆ వయసులో ఎలా ఉంటారో తెలిసిందే, ఒంట్లో ఉడుకు నెత్తుటికి ముందూ వెనకా చూడరు. హాబో అలాంటివాడు కాదు. గేటు వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి గడియ పడిందో లేదో చూసుకునేవాడు. నదిలో మంచు గడ్డకట్టిందని ఊరంతా దాని మీద ఆడుతుంటే, కర్రతో తట్టి చూసేదాకా చెల్లెల్ని దిగనిచ్చేవాడు కాదు. టీ కప్పులో పటికబెల్లం ముక్క పూర్తిగా కరిగి, నోరు కాలదనిపించాక గానీ తాగేవాడు కాదు. వాళ్ళ నాన్న పేరు ఓకో. ఆయన కొడుకుని "ఏరా తాతా" అని పిలిచేవాడు, వెటకారంగా.

వాళ్ళ మిషను ఓల్డెన్ కంపెనీది, రెండు వరసలు కోసేది, నారింజ రంగుది. ట్రాక్టరు వెనక తగిలించి చేలో నడిపిస్తే, రెండు ముక్కుల మధ్యకి చొప్పని తోసుకుని, జంట రోలర్ల మధ్య కిందకి లాగేసి, కంకిని విరిచి పైకి పంపేది. అలాంటి మిషన్లు మా అందరికీ ఉండేవి. మా అందరికీ ఒకే తలనొప్పి కూడా ఉండేది. చొప్ప తడిసినా, కలుపు పెరిగినా రోలర్ల దగ్గర ఇరుక్కుపోతుంది. మిషను ఆపి తీద్దామంటే, రోలర్లు తిరగకపోతే ఇరుక్కున్నది కదలదు. కత్తితో ముక్కలు ముక్కలుగా కోసి పీకాలి, చేతులు కొంకర్లు పోతాయి. అదే తిరుగుతుండగా దిగి, ఎదురుగా నిలబడి, ఒక్క లాగు లాగి వదిలితే మిగతాది మిషనే మింగేస్తుంది. మేమందరం అలాగే లాగాం. చేతులు మిగిలినవాళ్ళం జాగ్రత్తపరులమయ్యాం.

హాబో మాత్రం ఆపేవాడు. ట్రాక్టరు మీద కూచునే తాడు లాగితే మిషను పక్కనున్న లివరు పడి రోలర్లు ఆగిపోతాయి. వాడు తాడు లాగి, దిగి, లివరు పడిందో లేదో చేత్తో తడిమి చూసి, అప్పుడు కత్తి తీసేవాడు. "పక్కవాళ్ళ చేలు బోసిపోయినయ్, మన తాత ఇంకా కత్తి నూరుతున్నాడు," అని ఓకో ఎంత సాధించినా మారలేదు.

కోత రోజుల్లో మా ఆడవాళ్ళు చెవులతో కాపలా కాస్తారు. వంటింట్లో ఏం చేస్తున్నా ఒక చెవి చేలోనే ఉంటుంది. మిషను చప్పుడు దూరమవుతూ, దగ్గరవుతూ ఉంటే మనిషి క్షేమం. చప్పుడు ఒకేచోట నిలబడిపోయి అలాగే మోగుతూ ఉంటే చేతిలోది కింద పడేసి పరిగెత్తాలి. ఇది ఎవరూ కూచోబెట్టి నేర్పరు. అమ్మ తల ఎప్పుడు ఎత్తుతుందో చూసి పిల్లలు నేర్చుకుంటారు.

ఆ సాయంత్రం ఫెన్నా వాళ్ళమ్మ తల ఎత్తింది. రొట్టెపిండి అంటిన చేతులతో అలాగే నిలబడింది. చప్పుడు తూరుపు చేలో ఒకేచోట మోగుతోంది.

"నువ్వుండవే ఇక్కడ," అంది కూతురితో. ఫెన్నా ఉండలేదు.

చూసిందంతా ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. హాబో మిషను ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, కుడిచెయ్యి భుజం దాకా లోపల. ప్రాణం అప్పటికే పోయింది. వాళ్ళమ్మకి ఆ తాడూ లివరూ ఏవీ తెలియవు, ట్రాక్టరెక్కి తాళం తిప్పేసింది. లివరు అప్పుడు పడి ఉందో, లేచి ఉందో ఎవరూ చూడలేదు. చూసే తెలివి ఆ క్షణంలో ఎవరికుంటుంది?

ఇరుగుపొరుగు ఆనవాయితీ తప్పలేదు. ఎవరి మిషను వాళ్ళు తోలుకొచ్చి డర్క్స్‌వాళ్ళ చేనంతా ఒక్క రోజులో కోసి, గాదెకెత్తి పోయారు. ఆడవాళ్ళు పందిమాంసం హామూ, ఉడికించిన బంగాళాదుంపలూ, పండ్లు కూరిన తీపి రొట్టెలూ మోసుకొచ్చారు. ఓకో ఎవరితోనూ మాట్లాడలేదు. శవపేటిక దించేటప్పుడు మాత్రం అందరూ వినేలా అన్నాడు.

"ఆపకుండా చెయ్యి పెట్టాడు. బుద్ధి తక్కువ పని."

కన్నీళ్ళు పెట్టుకోలేని తండ్రి కోపం పెట్టుకున్నాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. అప్పుడు మాకెవరికీ అంత జ్ఞానం లేదు. తండ్రే అన్నాక మాకేం? మా ఊళ్ళో అదొక సామెతైపోయింది. పిల్లాడు నిచ్చెన సరిగ్గా ఆనించకుండా ఎక్కితే "హాబో పని చెయ్యకురా" అనేవాళ్ళం. కత్తి నోట్లో పెట్టుకుంటే హాబో పని. పాపిష్టి నోళ్ళు మావి. బడిలో ఒకడు ఆ మాట అన్నందుకు ఫెన్నా వాడి ముందుపన్ను రాలగొట్టింది. ఆ పన్ను పోయినవాడు ఇప్పటికీ ఉన్నాడు, మా చర్చిలోనే చందా పళ్ళెం తిప్పుతాడు.

హాబో పోయిన మరుసటి వసంతంలో ఓకో మిషను మొత్తానికీ ఆకుపచ్చ రంగు పూశాడు. చావు జరిగిన మిషనుని మావాళ్ళెవరూ ముట్టుకోరు, అందుకని రంగు మార్చి దూరదేశం తోలేసేవాళ్ళు. ఓకో ఒక పొద్దున్న దాన్ని తగిలించుకుని పడమటికి వెళ్ళి, మర్నాడు ఒట్టి ట్రాక్టరుతో తిరిగొచ్చాడు.

"ఎక్కడిచ్చావు నాన్నా?"

"పోయింది."

ఎన్నేళ్ళడిగినా అదే మాట. మంచాన పడి, మనుషుల్ని గుర్తుపట్టని రోజుల్లో కూడా, ఫెన్నా చెవి దగ్గర వంగి అడిగితే, "పోయింది," అన్నాడు. ఆ ఒక్కటీ గుర్తుంది మహానుభావుడికి.

ఫెన్నా లెక్క ఒకటే. హాబో ఆపే ఉంటాడు. తాడు లాగే ఉంటాడు, లివరు పడే ఉంటుంది. ఆ లివరు దానంతటది జారి మళ్ళీ లేచి ఉంటుంది. గాడి అరిగి ఉంటుంది, స్ప్రింగు చచ్చి ఉంటుంది. ఆ మిషను దొరికితే, ఆ లివరు చేత్తో పట్టుకుని చూస్తే, అన్న పేరు మీది మచ్చ కడిగెయ్యొచ్చు. దీనికోసం ఆమె కంపెనీల పోతలన్నీ నేర్చుకుంది, తోపులన్నీ తిరిగింది. మాకు తెలిసింది ఇంతే.

మెర్ల్‌కి మాత్రం ఇంకోటి తెలుసు. అంట్లు తోముతూ, ఇంట్లో ఎవరూ లేరనుకుని, ఆమె తిట్టేది. "ఎందుకు పెట్టావురా చెయ్యి? అంత జాగ్రత్త మనిషివి, ఆ ఒక్క రోజు ఏమొచ్చింది నీకు? అమ్మని చంపావు, నన్ను చంపావు, వెధవా!" బయట అన్న మీద ఈగ వాలనిచ్చేది కాదు. లోపల నాన్న మాటే నిజమేమోనన్న భయం ఆమెని పురుగులా తొలిచేది. కోతల కాలంలో ఎక్కడైనా ఇంజను ఒకేచోట నిలబడి మోగిందంటే ఆమె మాట మధ్యలో ఆగిపోయేది. షాపులో కస్టమరుకి చిల్లరిస్తూ అలాగే బిగుసుకుపోయిన రోజులున్నాయి. పక్క ఇంటివాడు ఊరికే బండి ఆపకుండా కబుర్లు చెబుతున్నా సరే, ఆమె పైప్రాణాలు పైనే పోయేవి.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ముసలివాళ్ళయ్యాక, ఓ అక్టోబరులో, నెబ్రాస్కా నుంచి ఫోనొచ్చింది. మిస్సోరీ నది అవతల చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళవైపు మనిషి, పేరు లాడీ వోండ్రాక్.

"ఫెన్నా గారేనా అండీ? పాత మిషన్లకి డాక్టరంట గదా మీరు. మా మేనమామ తోపులో ఒకటి దొరికింది. బాగుచేశాను, తిరుగుతోంది కూడా. మా ఊరి పాత మిషన్ల జాతరకి తీసుకెళ్దామంటే దాని పేరేంటో ఒక్కడికీ తెలీదు. పైన ఆకుపచ్చండీ. గ్రీజు కింద గోకితే నారింజ."

ఫెన్నా కుర్చీ కోసం చెయ్యి చాచింది. దొరకలేదు. "ట్రాక్టరుకి తగిలించే కడ్డీ చూడు నాయనా. అతుకేమైనా ఉందా?"

"ఉందండోయ్! ఏదో మంచం పట్టీ తెచ్చి అతికించినట్టున్నాడు మహానుభావుడెవడో. పువ్వుల నగిషీ కూడా ఉంది."

అది ఆమె నాయనమ్మ ఇనపమంచం పట్టీ. కడ్డీ విరిగిన ఏడాది, కమ్మరి దగ్గర దాన్ని ఒక కొస హాబో, ఒక కొస ఫెన్నా పట్టుకున్నారు. ఫెన్నా ఫోను పెట్టెయ్యకుండానే నేల మీద కూచుండిపోయింది. మెర్ల్ వచ్చి చూసి, కారు తాళాలు తీసుకొచ్చాడు.

లాడీ కలివిడి మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. వాళ్ళు కారు దిగేసరికి గసగసాలు పెట్టి కాల్చిన కొలాచీ రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని ఎదురొచ్చాడు. "ముందు తినండక్కా, ఇనుమెక్కడికీ పోదు," అన్నాడు. ఫెన్నా ఆయన్ని దాటుకుని కొట్టంలోకి నడిచింది.

మిషను కొట్టం మధ్యలో ఉంది. ఆమె అనుకున్నదానికంటే చిన్నది. చిన్నప్పుడు చూసింది కదా, ఇల్లంత ఉండేదనుకుంది. ఆ పువ్వుల నగిషీ మీద చెయ్యి వేసింది, తీసేసింది. తరవాత సంచీ విప్పింది. ఏ మిషనుకైనా ఎలా చేస్తుందో అలాగే, మొదటి నుంచీ మొదలుపెట్టింది. సుద్దతో పోత అంకెలు రుద్దింది. రోలర్లు, గొలుసులు, గేర్లపెట్టె, ఒక్కొక్కటీ. అన్నీ ఓల్డెన్‌వే, అన్నీ ఒకే కాలానివి. చివరికి లివరు దగ్గరికొచ్చింది.

"దీన్నెవరైనా మార్చారా?"

"ఎవరు మారుస్తారక్కా? మా మామ ఎన్నో కోతలు కోశాడు దీంతో. బంగారమనేవాడు. ఎవరిదీ గోరు కూడా ఊడలేదు."

లివరు బిగించిన బోల్టు తల మీద తండ్రి పూసిన ఆకుపచ్చ పగలకుండా ఉంది. దాని కింద నారింజ కూడా పగల్లేదు. పానా తగిలితే రంగు చిట్లుతుంది, ఇది చిట్లలేదు. అంటే కంపెనీ బిగించింది బిగించినట్టే ఉంది. ఇది అదే లివరు.

లాడీ చేత ట్రాక్టరు తగిలించింది. మిషను తిరిగింది. తాడు లాగితే లివరు టక్కున పడింది, రోలర్లు ఆగాయి. ఫెన్నా దాన్ని ఊపింది. కాలితో తన్నింది. సుత్తితో మిషను డొక్కలో కొట్టింది. లాడీని ఇంజను పెంచమంది, తగ్గించమంది, మళ్ళీ పెంచమంది. లివరు కదలదే! గాడి అంచు చెక్కిన రోజు ఎలా ఉందో అలాగే పదునుగా ఉంది. స్ప్రింగు వేలితో లాగితే వేలే నొప్పెట్టింది. ఎన్నిసార్లు చూసినా ఆ మిషనులో తప్పు లేదు.

ఆమె సుత్తి కింద పడేసింది.

"అక్కా, ఏమైంది? ఏమన్నా తేడానా?"

"తేడా ఏం లేదు," అంది ఫెన్నా. "ఏం తేడా లేదు. బంగారమన్నాడుగా మీ మామ." అని, అక్కడే నిలబడి, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "వాడే పెట్టాడు మెర్ల్. మా నాన్న చెప్పిందే నిజం. ఆపకుండా వాడే పెట్టాడు. ఇన్నేళ్ళూ నేనొక పిచ్చిదాన్ని. ఊళ్ళో వాళ్ళ పళ్ళు రాలగొట్టుకుంటా తిరిగాను!"

అసలు కథ మెర్ల్ చెప్పాడు, నాలుగు ముక్కల్లో. లాడీ ఏంచెయ్యాలో తెలియక కొలాచీల పళ్ళెం ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టాడు.

"నాకు తెలిస్తే పిలిచేవాణ్ణే కాదక్కా. దేవుడి తోడు. జాతరా వద్దు ఏమీ వద్దు, ఇవాళే తోపులో తోసేస్తా."

"ఎందుకు తొయ్యడం? దాని పాపమేముంది?" ఫెన్నా ముక్కు చీదుకుంది. కోపంగా ఉంది ఆమె గొంతు. "జాతరలో తిప్పే ముందు చేలో తిప్పి చూడ్డానికి కొయ్యని వరసలేమైనా ఉంచావా?"

"ఉంచాననుకోండి, ఇల్లు వెనక..."

"అయితే పద. నడుపు. వాడు ఏ మిషను పక్కన నిలబడి ఆ వెధవ పని చేశాడో నా కళ్ళతో చూసి పోతా."

"ఫెన్నా, వద్దే. ఇంటికి పోదాం," అన్నాడు మెర్ల్.

"నువ్వు పో. కారు నీదేగా."

మెర్ల్ పోలేదు. ఎక్కడికి పోతాడు పాపం. కోటు గుండీలు పెట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

పొద్దు ఇంకా బాగానే ఉంది. ముందురోజు వానకి నేల మెత్తగా, చొప్ప తడితడిగా ఉంది. లాడీ ట్రాక్టరెక్కి మిషనుని వరసలోకి దించాడు. చప్పుడు మొదలైంది. గొలుసుల గలగల, కంకులు విరిగే టపటప, బండిలో పడే దబదబ. ఫెన్నా చేతులకి ఊలు తొడుగులు వేసుకుని, మిషను పక్కనే, దాని అడుగుకి అడుగు వేస్తూ నడిచింది. ఎండిన ఆకులు ముఖాన కొడుతున్నాయి. ఇన్నేళ్ళూ చచ్చిన మిషన్లని చూసింది గానీ, బతికిన మిషను పక్కన ఇంత దగ్గరగా ఎప్పుడూ నడవలేదు.

నాలుగు బారలు పోయిందో లేదో, కలుపు చుట్టుకున్న చొప్ప గుంపు ఒకటి రోలర్ల నోట్లో అడ్డం పడింది. కంకులు రావడం ఆగిపోయింది. లాడీ ట్రాక్టరు ఆపాడు. రోలర్లు ఆపలేదు. కాస్త తిరిగితే అదే మింగుతుందని, మా అందరి అలవాటే ఆయనకీ. వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

ఒక చొప్పకర్ర మాత్రం నిట్టనిలువుగా నిలబడి వణుకుతోంది. లోపలికి పోదు, బయటికి రాదు. దాన్నొక్కదాన్ని ఇలా అంటే చాలు, మొత్తం కదిలిపోతుంది.

మెర్ల్ ఆమె కోటు కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు. లాడీ కేక పెట్టి తాడు లాగాడు. రోలర్లు ఆగిపోయాయి. ఫెన్నాకి ఏం జరిగిందో తెలియలేదు. ఎందుకు పడిపోయామా అనుకుంది. తరవాత తన కుడిచెయ్యి చూసుకుంది. ఊలు తొడుగు లేదు. అరచేతిలో చొప్ప గీసుకుపోయిన ఎర్రటి చార, చిటికెనవేలి నుంచి మణికట్టు దాకా. తొడుగు రోలర్ల కింద, కాగితంలా అణిగి, నేల మీద పడి ఉంది.

"చస్తావే!" మెర్ల్ అరిచాడు. ఏనాడూ ఆమె మీద అరవని మనిషి. "చస్తావే నువ్వు! నువ్వు! ఊళ్ళో కుర్రాళ్ళందరికీ 'ఆపి దిగండ్రా' అని కౌంటరు దగ్గర గొంతు చించుకున్నదానివి! నువ్వెట్లా పెట్టావే చెయ్యి?"

ఫెన్నా చెయ్యి వంకే చూస్తోంది.

"నేను పెట్టలేదు మెర్ల్."

"నా కళ్ళెదురుగా పెట్టావు!"

"పెట్టాలని అనుకోలేదు. పెడుతున్నానని కూడా తెలీదు. అది వణుకుతుంటే చూశానంతే. చూడ్డమే నాకు గుర్తుంది. చెయ్యి అక్కడికి పోయిందని నువ్వు లాగినాక తెలిసింది." ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "అది లాగేస్తుంది మెర్ల్. వదులుదామనుకునే టైం కూడా లేదు. అనుకోవడానికే టైం లేదు."

లాడీ ట్రాక్టరు తాళం కూడా తీసేసి, దిగొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఫెన్నా లేవలేదు. బురదలో కూచునే, విరిగిన చొప్ప వంక చూస్తూ, పక్కన మనుషులున్నారన్న సిగ్గు కూడా లేకుండా, గట్టిగా మాట్లాడింది.

"హాబో, ఒరేయ్ హాబో, నిన్ను తిట్టానురా. నాన్నకంటే ఎక్కువ తిట్టాను. నాన్న ఒక్కసారి అన్నాడు, నేను రోజూ అన్నాను. బుద్ధి లేదన్నాను, అమ్మని చంపావన్నాను. వెయ్యిసార్లు ఆపి దిగినవాడివిరా నువ్వు. ఆ ఒక్కసారి ఎందుకు ఆపలేదని అడిగాను గానీ, అడిగేదాన్ని నేనొక్కసారి దాని పక్కన నిలబడి చూశానా? క్షమించరా. క్షమించరా అన్నా."

మెర్ల్ జేబురుమాలు తీసి ఆమె అరచేతికి చుట్టాడు. ముడి వెయ్యడం చేతకాలేదు. ముడి వదిలేసి ఆ చేతినే రెండు చేతుల్లో గట్టిగా పట్టుకున్నాడు.

"పద. లే. చలేస్తోంది," అన్నాడు.

"వాడూ నేనూ ఒకటే పని చేశాం మెర్ల్," అంది ఫెన్నా. "వాడి వెనక ఎవరూ లేరు. అంతే తేడా."